ఎవరి వైపు నుంచి

ప్రసన్నకుమారి ఉగ్గాని కోసం బొరుగులు నీళ్లలో తడిపి పిండుతోంది. వాకిట్లో అల్లుడు యేసుప్రసాద్ బైకు సీటు మీద పేరుకున్న తెల్లని దుమ్ము పాత లుంగీగుడ్డతో తుడుస్తున్నాడు. బేతంచెర్లలో ఎంత తుడిచినా ఆ దుమ్ము మధ్యాహ్నానికి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. అతనిది ఊరి చివర నాపబండలు పాలిష్ పట్టే షెడ్డు. అప్పటికే ఎక్కడో రాయి కోసే మిషను మొదలైంది.

మహిమ వంటింటి గడప దగ్గర గోడకానుకుని కూర్చుని, అరచేతిలో మాత్రలు పెట్టుకుని చూస్తోంది.

"మింగు తల్లీ. చూస్తా కూర్చుంటే లోపలికి పోతాయా?" అంది ప్రసన్నకుమారి.

"తిన్నాక మింగమన్నారు గదమ్మా."

"అయితే రెండు నిమిషాలుండు. ఉగ్గాని అయిపోతాండాది. బజ్జీ కూడా ఏస్తా."

మహిమకు ముప్పై రెండేళ్లు. ఊళ్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. పెళ్లయి ఎనిమిదేళ్లయింది. మొదటి సంవత్సరం కడుపు నిలిచి, మూడో నెలలో పోయింది. తర్వాత నిలవలేదు. నిరుడు నెలసరి మొదలైతే ఆగడం మానేసింది. స్కూల్లో బోర్డు దగ్గర నిలబడలేక కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే స్థితి వచ్చాక కర్నూలు తీసుకెళ్లాడు యేసుప్రసాద్. డాక్టర్ శ్రావణి గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపింది. కాన్సర్ అని తేలింది. కానీ మొదటి దశ, చూడ్డానికి నెమ్మదైన రకం. వయసు చిన్నది, బిడ్డలు లేరు కాబట్టి కొన్ని నెలలు హార్మోన్ మాత్రలు వాడి చూద్దామని, జబ్బు పోతే బిడ్డ కోసం ప్రయత్నించవచ్చని చెప్పింది. అదే ముక్కను హైదరాబాదులో ఇంకో పరీక్షకు కూడా పంపుతున్నానని, కణాల లోపలి సంగతి అందులో తెలుస్తుందని అంది. ఆ రెండో మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మహిమ చెవికి "బిడ్డ" అన్న ఒక్క మాటే ఎక్కింది. కూతురికి తోడుగా ఉండడానికి ప్రసన్నకుమారి ఆత్మకూరు నుంచి వచ్చింది.

ఉగ్గాని పళ్లేలు ముందు పెట్టుకున్నప్పుడు యేసుప్రసాద్ ఫోను మోగింది. అతను విన్నాడు, "వస్తాంలే మేడం" అన్నాడు, పెట్టేశాడు.

"హైదరాబాదు పరీక్ష వచ్చిందంట. ఈపొద్దే రమ్మంటాండారు. అత్తా, నిన్ను గూడా రమ్మన్నారు."

"నన్నెందుకప్పా?"

"చెప్పలే."

మహిమ మాత్రలు మింగి నీళ్లు తాగింది. ఉగ్గాని అలాగే వదిలి చీర మార్చుకోవడానికి లేచింది.

* * *

డాక్టర్ శ్రావణి చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు. ముగ్గురినీ కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేయించింది.

"మైక్రోస్కోపు కింద చూస్తే ఈ జబ్బులన్నీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి మహిమా. లోపల జన్యువులు చూస్తే నాలుగు రకాలుగా తేలతాయి. ఒకటి చాలా నెమ్మదస్తురాలు. ఒకటి మహా మొండిది. మీది ఆ రెండూ కాదు. కణం నుంచి కణం పుట్టేటప్పుడు లోపలి రాతలో తప్పులు దొర్లుతుంటాయి. ఆ తప్పులు దిద్దడానికి శరీరంలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. మీ ముక్కలో అవి కొన్ని కనపడలేదు."

"తప్పులు దిద్దేవాళ్లు లేరు," అంది మహిమ, లెక్కల పేపర్లు గుర్తొచ్చినట్టుగా.

"అంతే. ఈ రకం మాత్రలకు లొంగడం తక్కువ. అందుకే మొదట చెప్పిన మాట మార్చుకుంటున్నాను. గర్భసంచి తీసేయడం మంచిది. ఆలస్యం చేయకుండా."

బయట వరండాలో నర్సు ఎవరి పేరో పిలుస్తోంది.

"ఇంకొకటి. ఈ లోపం పుట్టుకతో వచ్చి ఉండొచ్చు. తల్లి వైపు నుంచో, తండ్రి వైపు నుంచో. అందుకే అడుగుతున్నాను, మీ ఇళ్లల్లో గర్భసంచి కాన్సర్ గానీ పెద్దపేగు కాన్సర్ గానీ ఎవరికైనా వచ్చిందా?"

ప్రసన్నకుమారి చీర కొంగు సర్దుకుంది. "నాకే సంచి తీసేసినారమ్మా. నలభై ఏండ్లకే. రక్తం ఆగకపాయ."

"కాన్సర్ అన్నారా?"

"కాదు. మామూలు గడ్డలన్నారు. అయినా నాదే అయింటాది. పెండ్లయిన పదేండ్లకు ఈ పిల్ల పుట్టింది నాకు. మా ఇండ్లల్లో అంతే."

"మామూలు గడ్డలు వేరు, ఇది వేరమ్మా. మీ ఆయన వైపు ఎవరైనా?"

"ఆయన చెల్లెలు, జ్ఞానమణి, రక్తం పోయి పోయి సచ్చిపాయ. మా మామ కడుపునొప్పితో పాయ. యాడ చూపిచ్చినారు ఆ కాలంలో? ఏ జబ్బో ఎవురికి తెలుసు."

డాక్టర్ అది రాసుకుంది. "మీ తల్లీకూతుళ్లదీ, మీ ఆయనదీ రక్తం పరీక్ష చేయిద్దాం. మీ ఆయన్ని కూడా రమ్మనండి."

మహిమ ఇవేవీ వినడం లేదు. "తీసేస్తే ఇంక బిడ్డలు ఉండరు గదా మేడం," అంది.

"ఉండరు."

"మాత్రలకు అసలు ఎవురికీ తగ్గదా?"

"కొందరికి తగ్గుతుంది. తక్కువమందికి."

"నేను ఆ కొందరిలో ఉండొచ్చు గదా."

డాక్టర్ శ్రావణి పెన్ను పక్కన పెట్టింది. "ఆగమని నేను చెప్పను. ఆగుతానంటే బలవంతంగా కోయలేను. మూడు నెలలు. అంతకంటే ఒక్క రోజు కూడా ఒప్పుకోను. అప్పుడు మళ్లీ ముక్క తీసి చూస్తాను."

యేసుప్రసాద్ నోరు తెరిచాడు. మహిమ అతని వైపు చూడకుండానే "మూడు నెలలు ఆగుతా మేడం" అనేసింది.

* * *

ఆదివారం ఆరాధన ముగించుకుని దావీదురాజు ఆత్మకూరు నుంచి బస్సు దిగాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. సంఘంలో పెద్ద. మాట నెమ్మది, పంచె మీద మడత నలగనివ్వడు. ప్రతి ఆదివారం ముందు నిలబడి వాక్యం చదివేది ఆయనే. భోజనాలయ్యాక అల్లుడు చెప్పిందంతా విని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మూడు నెలలు శానా టైము. సంఘమంతా ప్రార్థన చేస్తాది. మాత్రలు పని చేస్తాయి," అన్నాడు.

"మామా, డాక్టరమ్మ ఆపరేషనే మంచిదంటాంది," అన్నాడు యేసుప్రసాద్.

"నీకు బిడ్డలు వద్దా ఏమప్పా?"

యేసుప్రసాద్ తల దించుకున్నాడు. "వద్దని నేనెప్పుడు అంటి?"

"మరింక గమ్మునుండు. భయపడితే ఏమొస్తాది?" దావీదురాజు భార్య వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు. ఆయనెప్పుడూ పెంచడు. "ఇది మీ వైపు నుంచి వచ్చేదే ప్రసన్నా. పిల్ల పెద్దమనిషి అయినప్పటి నుంచి నేను చెప్తాండా. మీ అమ్మకు ఇద్దరే, నీకు ఒక్కతే. మీ ఇంటి ఆడోళ్లకు ఆ సంచిలోనే ఏదో ఉండాది."

ఈ మాట ప్రసన్నకుమారికి కొత్త కాదు. మహిమకు మొదటిసారి నెలసరి గాడి తప్పినప్పుడు విన్నది. కడుపు పోయినప్పుడు విన్నది. చర్చి ఆడవాళ్లు ఓదార్పుగా అనగా విన్నది. కంచాలు ఎత్తడానికి వంగింది.

అప్పుడు మహిమ మాట్లాడింది. ఆ వారమంతా లోపల ఉడికిందంతా అమ్మ మీదికే మళ్లింది.

"నీ సంచి మంచిది కాదని నీకు తెలుసు గదమ్మా. తెలిసి నన్నెందుకు కంటివి?"

"మహిమా," అన్నాడు యేసుప్రసాద్.

"ఉండు, అననీ. నీలో ఉండే చెడంతా నాకు పోసి కంటివి. నీకు నేనన్నా ఉండా. రేపు నాకెవరుండారు?"

ప్రసన్నకుమారి కంచాల దొంతరతో అలాగే నిలబడింది. కూతురి ముఖం వైపు చూసింది.

"నిజమే తల్లీ," అని, కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. అవి తోమిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

మర్నాడు నలుగురూ కర్నూలు వెళ్లారు. యేసుప్రసాద్ తప్ప ముగ్గురూ రక్తం ఇచ్చారు. దావీదురాజు చెయ్యి చాపుతూ, "నాదెందుకు తీసుకుంటారు, దండగ" అన్నాడు నర్సుతో. నర్సు నవ్వి సూది గుచ్చింది.

* * *

ఆ ఫలితం రావడానికి నెల పైన పట్టింది. మళ్లీ అదే గది. డాక్టర్ శ్రావణి ఈసారి దావీదురాజు వైపు తిరిగి మాట్లాడింది.

"లోపం పుట్టుకతో వచ్చిందే సార్. అమ్మగారి రక్తంలో లేదు. మీ రక్తంలో ఉంది. మీ నుంచి మహిమకు వచ్చింది."

"పేర్లు మార్చి రాసింటారు," అన్నాడాయన.

"లేదు సార్. రెండుసార్లు చూశారు."

"నేను మగోన్ని గదమ్మా. నాకు సంచి యాడిది?"

"ఈ లోపం ఆడవాళ్లకే అని ఏమీ లేదు. మగవాళ్లలో ఎక్కువగా పెద్దపేగులో బయటపడుతుంది. మీ నాన్నగారి కడుపునొప్పి, మీ చెల్లెలి రక్తస్రావం, అవి కూడా ఇదే అయి ఉండొచ్చు, ఇప్పుడు రుజువు లేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు సార్. కళ్ల రంగులాగా వస్తుంది, అంతే. కానీ మీరు పేగు లోపలికి గొట్టం పంపి చూసే పరీక్ష వెంటనే చేయించుకోవాలి. ఇక నుంచి డాక్టరు చెప్పినప్పుడల్లా చేయించుకుంటూనే ఉండాలి."

"నాకేం లేదు. ఆకలి బాగనే ఉండాది," అని ఆయన లేచి నిలబడ్డాడు.

మహిమ తల్లి వైపు చూసింది. ఇప్పుడేదో ఒక మాట అంటుందని ఎదురుచూసింది. ఒక్క మాట, కనీసం ఒక నిట్టూర్పు. ప్రసన్నకుమారి సంచిలోంచి నీళ్ల సీసా తీసి భర్త చేతికిచ్చింది. "తాగండి. ఎండకు వచ్చినారు," అంది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. డోన్ దాటాక బండల లోడు లారీ ఒకటి దారికడ్డం తిరిగి బస్సు చాలాసేపు ఆగిపోయింది. అందరూ దిగి చూస్తున్నా ఆయన దిగలేదు. "జ్ఞానమణి ఒక్క పాపనన్నా ఎత్తుకోవల్లని ఎంత ఏడ్సింది," అన్నాడు ఎవరితోనో చెబుతున్నట్టుగా. "బిడ్డలు కాలేదని మొగుడు ఇంటికి తోలేసినాడు. రక్తం పోతాంటే గూడా ఎవరూ చూపిచ్చలే."

మహిమ వెనక సీట్లో కూర్చుని తల్లి మెడ చూస్తోంది. మన్నించమని అడగాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. బేతంచెర్ల వచ్చేసింది.

ఆ తర్వాత దావీదురాజు ఆత్మకూరు వెళ్లి, ఇల్లు కదలడం మానేశాడు. వాక్యం చదవడానికి ఇంకొకరిని చూసుకోమని పాస్టరుకు కబురు పంపాడు. పొద్దున పెట్టిన అన్నం సాయంత్రం దాకా మూత కింద ఉండిపోతోందని పక్కింటివాళ్లు ఫోను చేస్తే, ప్రసన్నకుమారి వారంలో సగం అక్కడ, సగం కూతురి దగ్గర ఉండడం మొదలుపెట్టింది. ఎక్కడికి వెళ్లినా అన్నం వండేది, తినిపించేది, గిన్నెలు తోమేది. పేగు పరీక్ష సంగతి ఎత్తితే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు.

* * *

మూడు నెలల చివర తీసిన ముక్కలో జబ్బు పోలేదు. ఎమ్మారై తీస్తే, అది పొర దాటి సంచి గోడలోకి సగం పైన దిగిందని కనిపించింది.

డాక్టర్ శ్రావణి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చింది. మహిమ ఆ తేదీ విని ఇంటికొచ్చి, వరండాలో నులకమంచం మీద కూర్చుని, "నేను పోను" అంది. స్కూలుకు వెళ్లలేదు. తల దువ్వుకోలేదు. మాత్రలు మాత్రం అడిగి మరీ మింగేది.

"పని చెయ్యలేదని చూపిచ్చినారు గదా, ఇంకెందుకవి?" అన్నాడు యేసుప్రసాద్.

"ఇంకో మూడు నెలలు చూస్తా."

అతను షెడ్డుకు వెళ్లకుండా ఆమె పక్కన కూర్చున్నాడు. చేతులనిండా రాతి పొడి పగుళ్లు. ఆ పగుళ్లను గిల్లుకుంటూ చెప్పాడు. "బిడ్డ కావాలని నాకు గూడా ఉండె. అబద్ధం చెప్పను. షెడ్డులో ఒక్కన్నే ఉన్నప్పుడు ఊరకనే అనుకుంటా ఉంటి, ఎట్లుంటాదా అని. అయితే ఎప్పుడు అనుకున్నా ఆ బిడ్డ నీ చంకలో ఉన్నట్లే కనపడేది. నువ్వు లేకుండా ఒక్కసారి గూడా కనపడలే మహిమా."

మహిమ ఏడవలేదు. "నాకు ఇప్పుడు గూడా కనపడతాంది. అదే నా కష్టం," అంది.

అతను లేచి వెళ్లి అత్తకు ఫోను చేశాడు. మర్నాడు పొద్దున ప్రసన్నకుమారి దావీదురాజును వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చొక్కా గుండీలు ఒకటి కిందికి ఒకటి పైకి పెట్టుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. కూతురి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆపరేషన్ చేయించుకో తల్లీ. ప్రార్థన ప్రార్థనే, ఇది ఇదే. ఆ పొద్దు నేను తప్పు చెప్తి."

"నువ్వు పేగు పరీక్షకు పోయినావా నాయనా?"

ఆయన చూపు గోడవైపు తిప్పుకున్నాడు.

"నువ్వే పోలే. నాకేం చెప్తావు?"

"నాకెందుకమ్మా ఆ పరీక్ష? కన్నబిడ్డకు ఇసమిచ్చినోన్ని నేను. ఇంకా బతకాలని గొట్టాలు ఏయించుకోవల్నా? నాకు వచ్చేది రానీ. వస్తేనే నాకు న్యాయం."

"అయితే నాకు గూడా వచ్చేది రానీ," అంది మహిమ.

ప్రసన్నకుమారి అప్పటిదాకా గడపలో నిలబడి ఉంది. చేతిలో కూరగాయల సంచి ఇంకా దించలేదు. అది దించి ముందుకొచ్చింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె భర్తను "మీరు" అనే పిలిచింది. హెడ్మాస్టరు భార్య కాబట్టి అలా పిలవాలని అత్త నేర్పింది. ఆ పొద్దు ఆ మాట మరిచిపోయింది.

"న్యాయమంట. ఎవరికయ్యా న్యాయం? నువ్వు సస్తే ఈ పిల్ల లోపల ఉండేది పోతాదా?"

"ప్రసన్నా..."

"ఉండు. ఇన్నేండ్లు నీది చెడ్డ సంచి, నీది చెడ్డ సంచి అంటివి. మీ అమ్మ అనె. చర్చికి పోతే ఆడోళ్లు అనిరి. ఆ మాటకు నేను ఒక్క పూటన్నా అన్నం మానుకుంటినా? మంచమెక్కి గోడతట్టు తిరుక్కొని పండుకుంటినా? పండుకుంటే మీకు వండిపెట్టేది ఎవురు? అది నీదని తెలిసి రెండు నెలలు గాలే, మోయలేకపోతాండావు." ఆమె కూతురి వైపు తిరిగింది. "నువ్వేమో ఈ పక్క మంచమెక్కినావు. ఆయన ఆ పక్క. సరే, సావండి ఇద్దరూ. అయితే ఒకటి చెప్పండి, ముందు ఎవరికి గుంత తవ్వియ్యాల? నేనొక్కదాన్నే నిలబడాల గదా ఆడ. చెప్తే తయారుగా ఉంటా."

అరవలేదు. అరిచి ఉంటే వాళ్లకు కొంత తేలికయ్యేది. చెప్పడం అయిపోయాక ఆమె కూరగాయల సంచి తీసుకుని వంటింట్లోకి పోయి, స్టవ్వు వెలిగించింది. కాసేపటికి లోపల ఏదో గిన్నె జారి పడింది. ఎత్తిన చప్పుడు రాలేదు.

యేసుప్రసాద్ వెళ్లి చూశాడు. ప్రసన్నకుమారి నేల మీద కూర్చుని, చిందిన బియ్యం మధ్య, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఆమెను అలా ఖాళీ చేతులతో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

మహిమ మంచం దిగి వచ్చి, తల్లి పక్కన కూర్చుని బియ్యం ఎత్తసాగింది. "పోతాలేమ్మా," అంది. దావీదురాజు గుమ్మం దగ్గర నిలబడి, తప్పుగా పెట్టుకున్న గుండీలు ఒక్కొక్కటీ విప్పి మళ్లీ పెట్టుకున్నాడు.

* * *

ఆపరేషన్ కర్నూలులో జరిగింది. గర్భసంచితో పాటు అండాశయాలు, చుట్టూ ఉన్న గ్రంథులు తీశారు. గ్రంథుల్లో కూడా జబ్బు ఉంది.

డాక్టర్ శ్రావణి ఆ సంగతి దాచలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది.

"ఆ పొద్దే తీసింటే మేడం?" అని అడిగింది మహిమ.

"అది ఇప్పుడు ఎవరూ చెప్పలేరు."

"మీరు చెప్పగలరు. చెప్పరు, అంతే."

డాక్టర్ ఆమె చెయ్యి పట్టుకుంది. "ముందు చెప్పాల్సింది చెబుతాను. కీమో, రేడియేషన్ కావాలి. అది చాలకపోతే, మీ రకానికి మాత్రమే బాగా పని చేసే మందు ఒకటి ఉంది. మన ఒంటి కాపలాను లేపి జబ్బు మీదికి పంపుతుంది. రకం తెలుసుకున్నాం కాబట్టే ఆ దారి ఉందని తెలుసు. అందరికీ పని చేస్తుందని మాట ఇవ్వలేను."

"ఇదివరకు గూడా మీరు మాట ఇయ్యలే," అంది మహిమ. "నేనే ఇచ్చుకుంటి."

యేసుప్రసాద్ మందులు తేవడానికి కిందికి వెళ్లి, మెట్ల దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. పైకి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాతి దుమ్మని చెప్పడానికి అక్కడ దుమ్ము లేదు.

ఆ వారంలోనే దావీదురాజు పేగు పరీక్ష చేయించుకున్నాడు. ఎవరూ మళ్లీ చెప్పలేదు. ఒక్కడే వెళ్లి పేరు రాయించుకున్నాడు. పరీక్ష అయిన సాయంత్రం వార్డుకు వచ్చాడు. ప్రసన్నకుమారి కూతురికి జావ తాగిస్తోంది. ఆయన మంచం కాళ్ల దగ్గర నిలబడి దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయాడు.

"ఏమన్నారు నాయనా?" అని అడిగింది మహిమ.

"ఏం లేదులే."

"చెప్పు. నాకు దాచి ఏం చేస్తావు?"

"పేగులో కాయల మాదిరి ఉండెనంట. తీసేసినారు. ఒకటి పెద్దది. ఇంకొన్నాళ్లు అట్లే ఇడిసింటే జబ్బుగా తిరుక్కునేదంట. ఇప్పుడు భయం లేదన్నారు." దుప్పటి అంచు వదిలేశాడు. "నీ ముక్క ఆ పరీక్ష చెయ్యకుంటే నాకు తెలిసేదే గాదు తల్లీ. నేనిచ్చిన జబ్బు నీకు ఉండిపాయ. నీ జబ్బు నన్ను ఈడ్చి గట్టున పడేసింది. అరవై ఎనిమిదేండ్లోన్ని. నాకెందుకు ఇది?"

మంచం ఇనుప పట్టీ పట్టుకుని ఆయన ఏడ్చాడు. బళ్లో పిల్లల ముందు, సంఘం ముందు ఎప్పుడూ తల వంచని మనిషి, పక్క మంచాలవాళ్లు చూస్తున్నా పట్టించుకోలేదు.

"ఒకరికన్నా ముందుగా తెలిసింది గదా నాయనా," అంది మహిమ. "జ్ఞానమణత్తకు తెలియకపాయ. తాతకు తెలియకపాయ. నేను తెలిసి గూడా ఆగితి. నువ్వొక్కడివన్నా బాగుండు."

ఆయన భార్య వైపు తిరిగాడు. "ప్రసన్నా. ఇన్నేండ్లు నిన్ను..."

"వద్దులే. ఆ కుర్చీలో కూర్చో. ఏమన్నా తిన్నావా, పొద్దున్నుంచి కడుపు మాడ్చింటారు," అంది ఆమె. "మీరు" మళ్లీ తిరిగి రాలేదు. ఆయన కూడా దాని కోసం చూడలేదు.

జావ గిన్నె కింద పెట్టి ఆమె కూతురి మూతి తుడిచింది. మహిమ ఆ చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఆ పొద్దు నేనన్న మాట. ఎందుకు కంటివని."

"అది అప్పుడే పాయ."

"పోలే. నాకు పోలే. నువ్వు నిజమే తల్లీ అంటివి. నీది గాదని తేలినాక గూడా ఒక్క మాట అనకపోతివి. నాయన్ను అనకపోతివి, నన్ను అనకపోతివి. ఎందుకమ్మా?"

ప్రసన్నకుమారి బయటికి చూసింది. కిటికీ అవతల ఆసుపత్రి ఆవరణలో ఆటోలు వచ్చిపోతున్నాయి.

"నాది గాదని డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను సంతోషపడితి అనుకుంటాండావా?" అంది. "నాదే కావాలని ప్రార్థన చేసుకొని పోతి ఆ పొద్దు. నాదైతే నాకు మోసేది అలవాటే. మీ నాయనకు అలవాటు లేదు. నీకు అంతకంటే లేదు. మీ ఇద్దరి మీద పడిందే అని, దానికి నాకు నోట మాట రాలే."

మహిమకు ఏడుపు లోపలినుంచి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. జబ్బు తెలిసిన నాటి నుంచి, బిడ్డ లేదని తేలిన నాటి నుంచి బయటికి రానిదంతా. కానీ ఏడిస్తే కుట్లు లాగుతున్నాయి. నొప్పికి ఊపిరి బిగబట్టి, పెదవి కొరుక్కుని, కళ్లు గట్టిగా మూసుకుంది.

దగ్గు వస్తే కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలని నర్సు చెప్పింది. ప్రసన్నకుమారి తల కింది దిండు నెమ్మదిగా లాగి, కూతురి పొట్ట మీద పెట్టి, రెండు అరచేతులతో అదిమి పట్టుకుంది.

"నేను పట్టుకుంటాలే," అంది. "ఇప్పుడు ఏడువు తల్లీ."